స్టీరింగ్ వదులు బావా

“మీ అక్కను నాతో పంపడం ఇష్టంలేక బండి పాడుచేశావు కదరా!” అంటూ బావ బ్రేకు తొక్కాడు. జీపు మళ్లీ కుడిపక్కకు పోయింది.

రాళ్లదారుల కోసం ఎత్తుగా కట్టించిన జీపది. తారురోడ్డెక్కితే ఒక పక్కకు తూలేది. దాన్ని బాగుచేయించేదాకా ఎక్కనని భార్య పుట్టింట్లోనే ఉండిపోయింది.

“స్ప్రింగులు మార్చా, స్టీరింగ్ బిగించా. ఇంకేం చేశా బావా?” అన్నాడు పక్కనున్న మెకానిక్ బావమరిది.

“అదే నేనూ అడుగుతున్నా. మీ అక్కాతమ్ముళ్ల గూడుపుఠాణీ నాకు తెలీదనుకోకు.”

బండి బాగయిందన్న తమ్ముడి మాట మీద ఇవాళే ఎక్కిన భార్య, వెనక కూర్చుని ముందు సీటు గట్టిగా పట్టుకుంది.

“రోడ్డు ఖాళీగానే ఉంది. మెల్లగా పోనిచ్చి స్టీరింగ్ వదులు,” అన్నాడు బావమరిది.

“చంపుదామనా?”

“నేనూ అక్కా కూడా ఇందులోనే ఉన్నాం కదా!”

బావ అనుమానంగానే వేళ్లు సడలించాడు. జీపు గీత గీసినట్టు తిన్నగా పోయింది. పట్టుకున్నాడు. కుడికి పోయింది.

“ఇదివరకు బండి ఎడమకు లాగేది. కుడికి గుంజీ గుంజీ నీ చేతులు అలా తయారయ్యాయి. ఇప్పుడు బండి లాగట్లేదు బావా, నువ్వే గుంజుతున్నావు.”

బావ జీపు ఆపి తన చేతులకేసి చూసుకున్నాడు.

భార్య దిగొచ్చి డ్రైవరు తలుపు తెరిచింది.

“వెనక కూర్చోండి. మనింటికి నేను నడుపుతా. నాకా గుంజే అలవాటు లేదు.”