సొంతింటికి కిరాయి

“ఆ బోర్డు దించండి,” అన్నాడు జనార్ధనరావు.

షెడ్డులో ఒక్కరూ కదల్లేదు.

నాచారంలో రంగుల ఫ్యాక్టరీ అది. రైలుపెట్టెలకు తుప్పు పట్టనివ్వని రంగు చేస్తారు. జనార్ధనరావు మేనేజరు. నిన్ననే దసరా. మూలనున్న, రంగు కలిపే పాత మిక్సర్‌కి బంతిపూల దండ, పసుపు, కుంకుమ. దానిపైన గోడకి కార్మికులే రాసి పెట్టుకున్న బోర్డు: ‘మన రంగు పుట్టిన చోటు’. ఏటా ఆయుధపూజ ముందు ఆ మిక్సర్‌కే.

“ఎందుకు దించాలె సార్?” పాత కార్మికుడు బిక్షపతి అడ్డం నిలబడ్డాడు. “మన రంగు ఈడ పుట్టలే? మీరే గిట్లంటే ఎట్ల?”

“ఇన్‌కంటాక్స్ ఆఫీసరు వస్తోంది. ఉప్పల్ దాటిందట.”

“అస్తే రానియ్యుండ్రి. ఆమె కూడ దండం వెట్టుకుంటది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. జనార్ధనరావు నవ్వలేదు.

ఈ కంపెనీని విదేశీయులు కొన్నారు. కొన్న వెంటనే రంగు ఫార్ములా హక్కుల్ని హాలెండ్‌లోని తమ మరో కంపెనీ పేరిట మార్చారు. అప్పట్నుంచీ ఇక్కడ అమ్మిన ప్రతి డబ్బా మీదా, ఫార్ములా వాడుకున్నందుకు రాయల్టీ అక్కడికి పోతోంది. ఇక్కడ నష్టం, అక్కడ లాభం. అక్కడ పన్ను నామమాత్రం. కాగితాల మీద అంతా చట్టబద్ధమే.

“ఫార్ములా ఇక్కడే పుట్టిందని తెలిస్తే, సొంతింటికి కిరాయి ఎందుకు కడుతున్నారని అడుగుతుంది,” అన్నాడు జనార్ధనరావు. “రాయల్టీని ఖర్చుగా ఒప్పుకోదు. పన్ను ఇక్కడే కట్టమంటుంది. అదే జరిగితే ఈ షెడ్డుకి తాళమేస్తామని హెడ్డాఫీసు చెప్పింది. నూరు కుటుంబాలు బిక్షపతీ!”

“లాభమంతా ఆడికి తోలి, నష్టమని మా బోనస్ కోసిన్రు,” డబ్బాలకు మూతలేసే రాజ్యం అందుకుంది. “ఇప్పుడు మా దేవుణ్ణి గూడ దాచిపెట్టాల్నా?”

జనార్ధనరావే స్టూలెక్కి బోర్డు దించాడు. దండ తెంపాడు. యంత్రాలు తుడిచే కాటన్ వేస్టు తీసుకుని కుంకుమబొట్టు తుడిచాడు. ఒకసారి తుడిస్తే పోలేదు. మళ్లీ తుడిచాడు.

బయట కారు హారన్ మోగింది.

ఆఫీసరు ఉమ తక్కువ మాట్లాడే మనిషి. లెక్కలు అడగలేదు. నేరుగా షెడ్డులోకి నడిచింది. పాత మిక్సర్ ముందు ఆగింది.

“ఇది ఇంకా వాడుతున్నారా?”

“లేదు మేడమ్. తుక్కుకి వేసేదే.”

వెనక రాజ్యం చేతిలోంచి మూత జారి ఖణేల్మంది.

ఉమ బిక్షపతి వైపు తిరిగింది. “ఎన్నాళ్లుగా ఉన్నారిక్కడ?”

“మీసాలు రాకముందుకెల్లి మేడమ్.”

“అయితే మీకు తెలిసే ఉంటుంది. ఈ రంగు ఎవరు కనిపెట్టారు?”

బిక్షపతి ఒక్క మాటంటే చాలు, తాళం పడుతుంది.

బిక్షపతి జనార్ధనరావు వైపు తిరిగాడు.

“నేను చెప్పేదేంది మేడమ్? సారునే అడుగుండ్రి.”

ఉమ చూపు జనార్ధనరావు మీదికి మళ్లింది. “చెప్పండి.”

“హాలెండ్ ల్యాబులో మేడమ్,” అన్నాడతను. “అక్కడి శాస్త్రవేత్తలు. మేం ఇక్కడ కలపడం వరకే.”

ఉమ ఆ మాట రాసుకుని, ఇంకేమీ అడగకుండా బయటికి నడిచింది. కారు గేటు దాటి మల్లాపూర్ రోడ్డెక్కింది. షెడ్డులో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు.

బిక్షపతి మాత్రం కదల్లేదు.

“షెడ్డు దక్కింది గని సార్, మూడేండ్లు ఈ మిక్సర్ కాడనే పండుకొని ఆ రంగు కనిపెట్టింది మీరైతే, ఇంకోడని చెప్పనీకి నోరెట్లొచ్చింది?”