నలభయ్యో మనిషి

"ముప్పై తొమ్మిది," అంటూ మున్సిపల్ ఆఫీసరు రిజిస్టరు మూసేశాడు. "ఒక్కరు తక్కువ. నలభై మంది లేనిదే ఏరియా సభ చెల్లదమ్మా. మళ్లీ వాయిదా."

కుట్టుమిషను ఆవిడ తనతో సహా అందర్నీ మళ్లీ లెక్కపెట్టింది. ఆ బడి హాల్లో చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్న ఆ ముప్పై ఎనిమిది మందినీ గడప గడపకీ తిరిగి తెచ్చింది ఆవిడే. వారం రోజులుగా మిషను ముట్టలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి మేమెందుకని విసుక్కున్న వాళ్లందరికీ, అడగందే అమ్మయినా పెట్టదని చెప్పి మరీ లాక్కొచ్చింది.

వీధి చివర ఒక్క గది ఆసుపత్రి ఉంది. మున్సిపాలిటీ దాన్ని ఎత్తేస్తుందట. అక్కడి నర్సమ్మే రోజు విడిచి రోజు ఆవిడ భర్త కాలి పుండుకి కట్టు మారుస్తుంది. షుగరు మనిషి. పెద్దాసుపత్రికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి, ఆ కాలితో ఒక్క బస్సు ఎక్కడమే గగనం. కట్టు తప్పితే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

పది నిమిషాలు ఆగండని ఆవిడ బతిమాలింది. పదిహేను తీసుకోమని ఆఫీసరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మంచివాడే అనుకుంటూ ఆవిడ పరుగెత్తింది.

భర్త రెండు దిండ్ల మీద కాలు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. విషయం వినగానే తల అడ్డంగా ఊపాడు.

"నర్సమ్మ కాలు కింద పెట్టొద్దంది. అందులోనూ ఆ మీటింగుకి అసలే వెళ్లొద్దంది. నిన్ను కూడా వెళ్లనివ్వొద్దని రెండుసార్లు చెప్పింది."

"ఎందుకట?"

"అడిగాను. తలుపు వైపు చూసి ఊరుకుంది."

ఉద్యోగం పోతుందని భయం, ఇంకేముంటుంది అనుకుంది ఆవిడ. నర్సమ్మ మీద జాలి, కోపం రెండూ కలిగాయి. మన గోడు మనమే చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్తారంటూ మిషను ముందు తను కూర్చుని కుట్టే చక్రాల కుర్చీని మంచం దగ్గరికి లాగి, మొగుణ్ణి అందులో కూర్చోబెట్టింది. ఆ కుర్చీకి ఒక చక్రం సగం అరిగిపోయింది. గుంత వచ్చినప్పుడల్లా ఆయన పళ్లు బిగపట్టాడు.

"పనిలో పని, ఈ గుంతల సంగతి కూడా అడుగు," అన్నాడు దారిలో. పెళ్లాం నవ్వితే ఆయనకీ కాస్త ఓపిక వచ్చింది.

మెట్ల దగ్గర ఆఫీసరే ఎదురొచ్చి కుర్చీకి ఒక చెయ్యి వేశాడు. కలం మూత తీసి ఇచ్చి, సంతకం పెట్టించుకుని, "నలభై" అన్నాడు. ఆఫీసరు మొహం చేటంతయింది.

సభ మొదలయింది. ఇన్నాళ్లూ నోరు విప్పనివాళ్లు కూడా లేచి మాట్లాడారు. కుట్టుమిషను ఆవిడ భర్త కాలి కట్టు చూపించి, ఈ కాలు ఆ గదిని నమ్ముకునే ఉందని చెప్పింది. ఆఫీసరు వంచిన తల ఎత్తకుండా రాశాడు. మధ్యలో ఆపి, ఒక్క మాట కూడా పోకూడదు, మళ్లీ చెప్పమ్మా అని అడిగి రాసుకున్నాడు. ఆసుపత్రి మూయకూడదన్న వాళ్లు చేతులెత్తమంటే నలభై చేతులూ లేచాయి. నాలుగు పేజీలు నిండాయి. మన మాటకి కూడా ఇంత విలువుందా అని ఆవిడకి కళ్లు చెమర్చాయి.

ఆఫీసరు చివరి పేజీ కింద అడ్డగీత గీసి, ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. మడతల దగ్గర చిరుగుపట్టిన పాత కాగితం అది. దాని మీద ఇవాళ్టి తారీఖు వేసి, వచ్చే ఒకటో తారీఖు నుంచి ఆసుపత్రి గది మూసివేయడమైనదని చదివాడు.

ఆవిడ బెంచీ మీంచి లేచి నిలబడింది.

"ఒక్కరు కూడా ఒప్పుకోలేదు కదండీ," అంది ఆవిడ. "మీ చేత్తో మీరే రాశారు."

"రాశానమ్మా. మీ మాట వినకుండా మూయకూడదని రూలు. విన్నాం. మీరు ఒప్పుకోవాలని మాత్రం రూల్లో ఎక్కడా లేదు."

మేం ముందే చెప్పాం కదా అని గొణుక్కుంటూ జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. భర్త కట్టు వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. ఆవిడ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. పైన మూడు తారీఖులు వరసగా కొట్టేసి ఉన్నాయి. నాలుగోది ఇవాళ్టిది, సిరా ఇంకా ఆరలేదు. ఈ కొట్టివేతలేమిటని అడిగింది.

ఆఫీసరు మనస్ఫూర్తిగా రెండు చేతులూ జోడించాడు.

"మూడేళ్లుగా ఏటా ఈ కాగితం పట్టుకుని వస్తున్నానమ్మా. ఏనాడూ పాతికమంది దాటలేదు, సభ జరగలేదు, ఆ గదిని మూయడం మా వల్ల కాలేదు. ఆ నలభయ్యో మనిషిని తెచ్చి మీరే పుణ్యం కట్టుకున్నారు."