కొండ లేని ఊళ్లో ఘాట్ సాధన

ఈ పోస్టుకార్డులో నా శౌర్యం కొంచెం పొంగి పొర్లితే తూర్పు కనుమలు పెద్దమనసుతో క్షమించాలి.

ఆదివారం సైకిళ్ల బృందం అనంతగిరి ఘాట్ ఎక్కుతోంది. మా ఇంట్లో అంత దూరం తొక్కినవాళ్లు ఇంతవరకూ లేరు. కేరియర్ మీద బియ్యం బస్తా బరువుతో, కాలు కింద పెట్టకుండా ఆమదాలవలస రైలు వంతెన ఎక్కితేనే తీసుకెళ్తామని వాళ్ల షరతు. చుట్టూ వరిచేలే ఉన్న మాకు ఆ వంతెనే హిమాలయం.

పొద్దున్నే ధనలక్ష్మత్త చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. వాటిని తొక్కించి బయల్దేరాం. వంతెన సగం ఎక్కేసరికి సైకిల్ పాములా మెలికలు తిరిగింది.

"కాలు దించితే పరువు పోతాది! తొక్కాల్సిందే!" అని అరిచాను.

"ఒరే ఉపేంద్రా, నోరు ముయ్యిరా! ఊపిరి సాలట్నేదు" అంది అత్త.

వెనక లారీ హారన్‌తో మేళం మోగించింది. ఆ ఊపుకి సైకిల్ శిఖరం చేరింది. కాలు నేలకి తగల్లేదు!

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "దిగరా ఎదవా! నువ్వు లేకపోతే అనంతగిరి నాకు అరటిపండు ఒలిసినట్టే" అంది.

ఆదివారం ఘాట్ ఎక్కేది అత్త. ఈ మహాసాధనలో నేను నిజంగా చేసిన పని ఒక్కటే. బియ్యం బస్తా జారిపోతోందని, దాని బదులు కేరియర్ మీద కూర్చున్నాను.