అర కారు దూరం

“మళ్లీ పోయింది!” తమ్ముడు కంట్రోలర్‌ని మంచం మీదకి విసిరేశాడు.

తెర మీద నల్ల కారు గెలుపు గీత దాటి నిలబడింది. తమ్ముడి ఎర్ర కారు దాని వెనకే, అర కారు దూరంలో ఆగిపోయింది. అక్క క్యాలెండర్ వైపు చూసింది. సోమవారం.

తమ్ముడు పార్సిల్ వ్యాన్ డ్రైవరు. రెండు నెలల కిందట వ్యాన్ బోల్తా కొట్టింది. మొదటి ఆపరేషన్ తర్వాత మూడు రోజులు కళ్లు తెరవలేదు. తెరిచాక కుడికాలు కదల్లేదు. శుక్రవారం రెండో ఆపరేషన్ చేసి నరం అతకాలి, ఆ రోజు దాటితే ఇక ఆ కాలు మీద ఆశ వదులుకోండని డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు. సంతకం గురువారం సాయంత్రం ఐదింటిలోపు పెట్టాలి.

వాడు పెట్టనన్నాడు.

“భయమా?” అంటే నవ్వాడు. “నాకా? వ్యాన్ కింద నలిగినవాడికి కత్తి ఒక లెక్కా! మనసు విరిగిపోయిందక్కా. ఉత్త బొమ్మ కారుని గెలవలేనివాడికి కాలెందుకు? నీ నల్ల కారుని ఒక్కసారి ఓడించనీ. ఆ నిమిషమే సంతకం పెడతా. ఒట్టు!”

అక్క లోలోపల ఎగిరి గంతేసింది. నల్ల కారు ఆమె చేతిలో పుట్టిందే మరి. వీడియో గేమ్‌ల కంపెనీలో ఆమె ఉద్యోగమే అది. కంప్యూటర్ నడిపే కార్లు ఎలా పరిగెత్తాలో రాస్తుంది. ఆడేవాడు వెనకబడితే అవి కాస్త నెమ్మదిస్తాయి, ముందుకెళితే తరుముకొస్తాయి. ఆఫీసులో దీన్ని రబ్బరు తాడు అంటారు. ఆడేవాడికి చివరిదాకా ఆశ చావకూడదు, అంతే సంగతి.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అక్క ఆ సాయంత్రమే నల్ల కారు వేగంలో పదో వంతు కోసేసింది.

మంగళవారం తమ్ముడు తొమ్మిది పందేలు ఆడాడు. తొమ్మిదీ ఓడాడు. అన్నీ అర కారు దూరంలోనే.

“నీ కారుకి దయ్యం పట్టిందక్కా,” అన్నాడు.

బుధవారం ఆమె రబ్బరు తాడునే తెంపేసింది. మలుపుల్లో నల్ల కారు కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాడిలా తడబడేట్టు మార్చింది. అయినా అనుమానం తీరక, ఆఫీసులో నేల తుడిచే ఆవిడని కూర్చోబెట్టి కంట్రోలర్ చేతికిచ్చింది.

“ఏది నొక్కాలమ్మా?” అని అడుగుతూనే ఆవిడ నల్ల కారుని మూడు మలుపుల వెనక వదిలేసి గీత దాటేసింది. “పాపం, ఆ కారుకి ఒంట్లో బాగోలేదా?” అంది.

అక్క సంబరంగా ఇంటికి పరిగెత్తింది. అదే ఆట, అవే మార్పులు. తమ్ముడి పక్కనే కూర్చుని, రెప్ప వాల్చకుండా నల్ల కారునే చూస్తూ పన్నెండు పందేలు ఆడించింది. పన్నెండింటికి పన్నెండూ అర కారు దూరం!

ఆమెకి ఏడుపొచ్చింది. టీమ్ లీడర్‌కి ఫోన్ చేసింది.

“తాడు ఎక్కడో పూర్తిగా తెగలేదు. నెమ్మదిగా ఆడేవాళ్ల దగ్గర నెమ్మదిగా, గట్టిగా ఆడేవాళ్ల దగ్గర గట్టిగా పరిగెడుతోంది. ప్రోగ్రామ్ మొత్తం జల్లెడ పట్టాల్సిందే,” అన్నాడాయన.

గురువారం సెలవు పెట్టి జల్లెడ పట్టింది. అన్నం ముట్టలేదు. ప్రతి వరుసా చదివింది. తప్పు దొరకలేదు. చివరికి కడుపు మండి, నల్ల కారు సైకిల్ కంటే వేగంగా వెళ్లకుండా కట్టిపడేసింది.

మూడున్నరకి నాన్న బస్ డిపో నుంచి వచ్చేశాడు. చేతులకి గ్రీజు కూడా కడుక్కోలేదు. “దాని టైర్లలో గాలి తీసెయ్యమ్మా,” అన్నాడు. మెకానిక్కు కదా, ఆయనకి తోచింది అదే.

ముప్పై ఒకటో పందెం. తమ్ముడు మొదటి మలుపులోనే ఇసకలో దిగబడ్డాడు. రెండో మలుపులో గోడకి గుద్దాడు. అక్క గుప్పిళ్లు బిగించి నల్ల కారునే చూస్తోంది. అది నత్తలా పాకుతోంది. చివరి రోడ్డు మీద ఎర్ర కారు దాన్ని దాటింది. నాన్న లేచి నిలబడ్డాడు. గీత ఇంకా నాలుగడుగులే ఉంది.

నల్ల కారు గెలిచింది. అర కారు దూరం.

“చూశారుగా,” తమ్ముడు దిండుకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. “రాసిపెట్టి లేదు. డాక్టరుకి ఫోన్ చేసి రాననండి.”

“ఇది ఆటరా! ఆట కోసం కాలు పోగొట్టుకుంటావా?” అక్క అరిచింది.

“ఒట్టంటే ఒట్టేనక్కా.”

“నీ కాళ్లు పట్టుకుంటానురా,” అన్నాడు నాన్న. అని నిజంగానే పట్టుకున్నాడు. కుడికాలికి ఆ సంగతి తెలియలేదు.

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. అక్క కళ్లు తుడుచుకుని పక్క గదిలో కంప్యూటర్ తెరిచింది. ఏ పందెంలో ఏ క్షణాన ఏ కారు ఏం చేసిందో ఆట మొత్తం రాసిపెట్టుకుంటుంది. నల్ల కారు చిట్టా వరుసగా చదివింది. ఎక్కడా వేగం పెరగలేదు. ఎక్కడా మొరాయించలేదు. చెప్పినట్టల్లా విన్న బుద్ధిమంతురాలు.

ఇక చూడ్డానికి మిగిలింది ఎర్ర కారు చిట్టా ఒక్కటే.

ముప్పై ఒక్క పందేల్లోనూ, సరిగ్గా గెలుపు గీత ముందు, తమ్ముడు తన చేత్తోనే గట్టిగా బ్రేకు నొక్కాడు.