నలభై ఎనిమిది కావాలి

శాంతయ్య వాచీ చూసుకున్నాడు. ముప్పై ఎనిమిది నిమిషాలు. మళ్ళీ ముప్పై ఎనిమిదే. ఆస్పత్రి గేటుకి చేరబడి ఉసూరుమన్నాడు.

పరిగెత్తేవాడెవడైనా టైము తగ్గాలని చూస్తాడు. శాంతయ్యకి పెరగాలి. అతను కాపలా ఉండే మామిడితోట విస్సన్నపేట రోడ్డులో ఉంది. అక్కణ్ణించి తిరువూరులో ఈ గేటు దాకా ఐదు కిలోమీటర్లు. ఎక్కడా ఆగకూడదు, ఒంట్లో సత్తువంతా పెట్టి పరిగెత్తాలి, అయినా సరే నలభై ఎనిమిది నిమిషాలు పట్టాలి. ఒక్కసారి పడితే చాలు, ఇక జన్మలో పరిగెత్తడు. మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. ఒక్కసారీ పట్టలేదు.

తాపీగా నడిచొస్తే సరిపోయేదానికి ఇంత యాతనెందుకు అంటారేమో. ఆ దొంగ టైము అతనికి అక్కర్లేదు.

గేటు ఎదురుగా టీకొట్టు చాంద్‌బాషాది. నిరుడు కొట్టు పెట్టిన వారంలోనే, తెల్లవారుతుండగా భుజాన బియ్యం మూటతో పరిగెత్తుకొచ్చిన ఈ మనిషిని చూశాడు. బియ్యం దొంగేమో అనుకున్నాడు పాపం. దొంగ కాదని తెలిశాక ముచ్చటపడ్డాడు. బెజవాడలో జరిగే పరుగు పందేనికి తయారవుతున్నాడని తనకు తనే తేల్చేసుకున్నాడు. అప్పట్నించీ శాంతయ్యకి ఏ రోజు ఎన్ని నిమిషాలు పట్టిందీ కేలెండరు గళ్ళలో రాసిపెడుతున్నాడు. నిరుటి కేలెండరు కూడా పారెయ్యకుండా కొత్తదాని కింద తగిలించి ఉంచాడు.

“మొదటిరోజూ ముప్పై ఎనిమిదే, ఇవాళా ముప్పై ఎనిమిదే. ఇట్లా అయితే కప్పు రాదు శాంతయ్యా. ముందు ఆ మూట వదిలెయ్” అన్నాడు బాషా, టీ గ్లాసు అందిస్తూ.

“మూట ఉండాలి భాయ్.”

“పోనీ పది కిలోలు చెయ్యి.”

“కాదు. పద్నాలుగే.”

మొండిఘటం. ఏడాదిలో చెయ్యని ప్రయత్నం లేదు. మే నెలలో మిట్టమధ్యాహ్నం పరిగెత్తాడు. నలభై ఒకటి. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో ఉపవాసం ఉండి పరిగెత్తాడు. ముప్పై తొమ్మిది. జోరువానలో చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. నలభై. ఒకసారి నూట రెండు జ్వరంతో తూలుకుంటూ వచ్చాడు. ఆ రోజు ఎంత ఆశపడ్డాడో. తీరా చూస్తే నలభై మూడు. గేటు దగ్గరే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. బాషా కంగారుపడి వచ్చి, “పోతే పోయిందిలే, పందేలు ఎన్ని రావు” అని వీపు నిమిరాడు.

దారి పొడుగునా కనిపించిన వాళ్ళందరికీ శాంతయ్య చెయ్యి ఊపుతాడు. ఒక్క మూడో కిలోమీటరు దగ్గర మాత్రం తల తిప్పడు. అక్కడ నీలం తలుపుల ఇంటి అరుగు మీద ముసలి యేసురాజు కూర్చుని ఆకులేవో నూరుకుంటూ ఉంటాడు. మొదట్లో “శాంతయ్యా, ఒక్క మాట విని పోరా” అని పిలిచేవాడు. ఇప్పుడు ఆయన కూడా తల దించుకుంటున్నాడు.

తోటకి తిరిగొచ్చేసరికి అక్కమ్మ చద్దన్నం కలిపి ఉంచేది. ఈ పరుగు దేనికని మొగుణ్ణి ఏనాడూ అడగలేదు. ఎన్ని నిమిషాలు పట్టిందనీ అడగలేదు. “మధ్యలో ఎక్కడా ఆగలేదుగా?” అనేది. “ఆగలేదు” అనేవాడు. ఈ ఏడాదిలో ఆలుమగల మధ్య మిగిలిన మాటలు ఇంచుమించు అవే.

ఇవాళ అక్కమ్మ కూడా ఊళ్ళోకి వచ్చింది. ఇద్దరూ కలిసి చర్చికి వెళ్ళాలి. తెల్లచీర కట్టుకుని, బంతిపూల కవరు పట్టుకుని టీకొట్టు దగ్గర షేరాటో దిగింది. ఆమెను చూడగానే శాంతయ్య గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

“పద, పోదాం” అన్నాడు గబగబా.

బాషా ఊరుకుంటేనా. “ఉండు చెల్లెమ్మా. ఏడాది నిండొస్తోంది. మీ ఆయన ఘనకార్యం చూసి పో” అంటూ మేకుకున్న కేలెండర్లు రెండూ తీసి బల్లమీద పరిచాడు.

“వద్దు భాయ్, తీసెయ్” అన్నాడు శాంతయ్య.

అక్కమ్మ వంగి చూసింది. ఒక్కో గడి మీదా వేలు పెట్టుకుంటూ పోయింది. నిరుటి నెలలు అయిపోయాయి. ఈ ఏటి నెలలు మొదలయ్యాయి. వేలు ఎక్కడా ఆగలేదు.

“నలభై ఎనిమిది ఏదన్నా?” అంది చివరికి.

“నువ్వు కూడా అదే మాటా?” అని నవ్వాడు బాషా. “మీ ఆయనా అదే కలవరింత. ఈ దారికి నలభై ఎనిమిది ఎట్లా పడతాయమ్మా? జ్వరంతో వస్తేనే నలభై మూడు. మధ్యలో ఎక్కడో తీరిగ్గా కూర్చుంటే తప్ప పట్టవు.”

అక్కమ్మ వేలు గడి మీదే ఉండిపోయింది. తలెత్తి మొగుడి ముఖంలోకి చూసింది.

“మధ్యలో ఎక్కడా ఆగలేదుగా?” అంది.



నిరుడు ఇదే రోజు, పాము కరిచిన పద్నాలుగు కిలోల కూతుర్ని భుజాన వేసుకుని నలభై ఎనిమిది నిమిషాలకి ఈ గేటు చేరి, ‘పది నిమిషాల ముందు తెచ్చుంటే బతికేది’ అని డాక్టరు నోట విన్న శాంతయ్య, ఎక్కడా ఆగకపోయినా అంతసేపు పట్టిందన్నాడే గాని, ఆ పది నిమిషాలూ యేసురాజు అరుగు మీద పసరు కట్టిస్తూ ఆగిపోయానని ఇప్పటిదాకా అక్కమ్మకి చెప్పలేదు.