ఆరింటికి టీ

"ఈ ఆదివారం గోల్ఫ్‌కి వెళ్దాం. బుకింగ్ సంగతి మీరు చూడండి," అన్నారు మేనేజర్ గారు.

స్టోర్స్ గుమాస్తా గుండెల్లో రాయి పడింది. మేనేజర్ గదిలో ఓ మూల నిలబెట్టిన పొడుగాటి గోల్ఫ్ సంచీని చూసి, "నేనూ ఆడతాను సార్" అని మొన్న కోసిన కోత ఇప్పుడు మెడకు చుట్టుకుంది. అతను గోల్ఫ్ కర్రను టీవీలో తప్ప చూసి ఎరగడు. అదీ ఛానెల్ మార్చేటప్పుడు. రానందామంటే సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఎవర్ని కూర్చోబెట్టాలో ఈ నెల్లోనే తేల్చేది ఈయనే. నోరు అదుపులో లేనివాడికి కుర్చీ ఒక్కటే తక్కువైంది అని తనను తానే తిట్టుకుంటూ పబ్లిక్ గోల్ఫ్ కోర్సుకి ఫోన్ చేశాడు.

"టీ టైమ్ ఎన్నింటికి కావాలండీ?" అంది అవతలి అమ్మాయి.

టీ అక్కర్లేదు, ఇంట్లో తాగే వస్తామన్నాడు. టీ టైమ్ లేకుండా లోపలికి రానివ్వరని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఇదెక్కడి దౌర్జన్యం అనుకున్నాడు గానీ, గొప్పవాళ్ల ఆట, గొప్పవాళ్ల మర్యాదలు అని సర్దుకుని పొద్దున్న ఆరింటికి, ఇద్దరికి ఒప్పుకున్నాడు. పెట్టేయబోతుండగా మేనేజర్ గారి షుగర్ జబ్బు గుర్తొచ్చింది.

"ఒకదాంట్లో పంచదార వెయ్యొద్దండి."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఆరింటికి టీ టైమ్ దొరికిందని చెబితే మేనేజర్ గారు కళ్లు సగం మూసుకుని, అన్నీ తెలిసిన మనిషిలా తల పంకించారు.

శనివారం ఇంట్లో ఈ ముచ్చట చెబితే కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది.

"టీ అంటే తాగేది కాదు నాన్నా. బంతిని నిలబెట్టే చిన్న పుల్ల. దాని మీంచి మొదటి దెబ్బ కొట్టే టైమే టీ టైమ్."

"అయితే పుల్లకి పంచదార వద్దన్నానన్నమాట," అన్నాడు.

వంటింట్లోంచి భార్య నవ్వు కూడా వినిపించింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది అనుకుంటూ, చీపురుకట్ట పట్టుకుని అద్దం ముందు దెబ్బ కొట్టడం సాధన చేశాడు. ఎలా తిరిగినా అద్దంలో మనిషి ఇల్లు ఊడుస్తున్నట్టే ఉన్నాడు.

ఆదివారం ఆరు కాకముందే ఇద్దరూ కౌంటర్ దగ్గర నిలబడ్డారు. సంచీ మేనేజర్ గారి భుజాన వేలాడుతోంది. పేరు చెప్పగానే కౌంటర్ వెనక నుంచి ఫోన్‌లో విన్న గొంతే పలికింది.

"ఒకదాంట్లో పంచదార వద్దన్నది మీరేనా?"

గుమాస్తాకి తల కొట్టేసినట్టయింది. కుర్చీ పోయింది, పరువూ పోయింది. ఇక దాచి లాభం లేదు.

"సార్, నిజం చెప్పేస్తాను. నాకసలు గోల్ఫ్..."

మేనేజర్ గారు ఆ మాట వినిపించుకోలేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

"నా షుగర్ గుర్తుపెట్టుకుని మరీ చెప్పారా?" అంటూ భుజాన ఉన్న సంచీ దించి, జిప్పు లాగి, లోపల చెయ్యి పెట్టారు. "టీ టైమ్ అన్నారుగా. ఉప్పు బిస్కెట్లు నేను తెచ్చాను."