జోసయా కోసం పిలుపు

వర్జీనియాలోని ఆ మ్యూజియం ఒక పాతకాలపు పల్లె. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటి బట్టలు కట్టుకున్న మనుషులు అక్కడ వంట చేస్తారు, ఇనుము కొడతారు. లోర్నా టాకెట్‌ది తల్లి వేషం. యుద్ధానికి వెళ్లి తిరిగి రాని కొడుకును సందర్శకుల ముందు గుమ్మంలో నిలబడి పిలవడం ఆమె పని. ఆ కొడుకు కథ నిజం. ఆ ఇల్లూ అతను పుట్టిన ఇల్లే.

నవంబరులో ఒక సాయంత్రం వాన వల్ల ఎవరూ రాలేదు. తాళాలు వేయడానికి వచ్చిన కాపలాదారు వెండెల్ నవ్వాడు.

"ఇవాళ నీ కొడుకుని పిలవనే లేదే! పాపం, అలుగుతాడేమో."

లోర్నా కూడా నవ్వుతూ గుమ్మంలోకి వెళ్లింది. "జోసయా! ఇంటికి రారా, చీకటి పడుతోంది!"

"వస్తున్నానమ్మా!" అని కోసేసిన మొక్కజొన్న చేను అవతలి నుంచి ఒక లేత గొంతు వినిపించింది.

"ఎవర్ని దాచావయ్యా అక్కడ?" అంది లోర్నా.

వెండెల్ ముఖంలో నవ్వు పోయింది. "గేటు మూసి వచ్చింది నేనే. లోపల మనిద్దరమే ఉన్నాం."

ఆమె మళ్లీ పిలవలేదు. అయినా ఆ లేత గొంతు ఈసారి కంచె దగ్గర్నుంచి వినిపించింది. "దీపం చూపించమ్మా. దారి తెలియట్లేదు."

"తలుపెయ్యి లోర్నా! వేసెయ్యమంటుంటే!" వెండెల్ గడియ అందుకోబోయాడు.

లోర్నా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఇన్నేళ్లూ రమ్మని పిలిచింది తనే. గుమ్మం పక్కన వెలుగుతున్న లాంతరు అందుకుని పైకెత్తింది.

బురదలో అడుగుల చప్పుడు మెట్టు దాకా వచ్చి ఆగింది. వెలుగులో వాన తప్ప ఏమీ కనిపించలేదు.

"బూట్లు తుడుచుకుని రా నాయనా," అంటూ లోర్నా పక్కకు జరిగి దారి ఇచ్చింది.